లేదు అనకూడని కొట్లో డేటాబేసు

బ్రాడీపేటలో నేను కంప్యూటర్లు చూసే ఒక చీరల కొట్లో లేదు అనే మాట నిషేధం. గోడ మీద రాసి పెట్టలేదు గానీ, పనిలో చేరిన సేల్స్ అమ్మాయికి చీర మడత పెట్టడం కంటే ముందు నేర్పే పాఠం అదే. ఏది అడిగినా ఉందండి అనాలి, లేకపోతే వస్తోందండి అనాలి. మంగళగిరి చీరల్లో చిలకపచ్చ ఉందా అంటే వస్తోందండి. లిఫ్టు ఉందా అంటే వస్తోందండి. ఒకసారి నా ఎదుటే ఒకాయన బాత్రూమ్ ఉందా అని అడిగితే, ఆ అమ్మాయి అలవాటు కొద్దీ వస్తోందండి అంది. ఆయన పాపం కాసేపు అక్కడే నిలబడ్డాడు కూడా.

ఈ నియమం కొట్టు యజమానురాలిది. పెద్దావిడ. అందరం అమ్మగారంటాం. బియ్యం అయిపోతే లేవు అనకుండా నిండుకున్నాయి అనే ఇళ్ళు మనకి తెలుసు. మా ఇల్లూ అంతే. ఆవిడ ఆ పద్ధతిని వంటింట్లోంచి మూడంతస్తుల కొట్లోకి తెచ్చేశారు. లేదు అనే మాట వింటే లక్ష్మీదేవి గుమ్మంలోంచే వెనక్కి తిరుగుతుందని ఆవిడ నమ్మకం.

నాకు ఇలాంటివి పడవు. ఉన్నదాన్ని ఉందనాలి, లేనిదాన్ని లేదనాలి, మధ్యలో ఈ నాటకాలేమిటి? కొత్త చొక్కా తొడుక్కుని ఎలా ఉందని నన్నడగడం మా ఆయన మానేసి చాలా ఏళ్ళయింది. అయినా ఆ కొట్టు ఒప్పుకున్నానంటే, అమ్మగారు పెట్టే కాఫీ బాగుంటుంది కాబట్టి.

చీరల కొట్టుకి డేటాబేసెందుకు అనుకుంటారేమో. వెనకటి రోజుల్లో వెంకటగిరి ఇక్కడ, చీరాల అక్కడ అని అరలుండేవి. ఇప్పుడు సరుకు ఎక్కువైపోయి గోడౌను నల్లపాడుకి మార్చారు. ఏ అర ఖాళీగా ఉంటే ఆ అరలో కవరు తోసేసి, ఆ అర నంబరు కంప్యూటర్లో కొడతారు. కవర్లన్నీ ఒకే రకం, ఖాకీ రంగు, పైన గీతల స్టిక్కరు. ఏ కవర్లో ఏ చీరుందో, ఆ కవరు ఏ అరలో ఉందో డేటాబేసుకి తప్ప మానవమాత్రులకి తెలియదు.

ఆ డేటాబేసు బాగుందో లేదో అనుక్షణం కనిపెట్టి చూడటానికి నేనొక కాపలా సాఫ్ట్‌వేర్ పెట్టాను. దానికి రెండు పేజీలు. మొదటి పేజీ మొత్తం పరిస్థితిని ఒక్క చూపులో చెబుతుంది: అన్నీ బాగుంటే పచ్చ చుక్క, ఏది ఆగినా ఎర్ర చుక్క. అది నా ఫోనులో ఉంటుంది. రెండోది వివరాల పేజీ. సర్వరు, ప్రింటరు, చీరల డేటాబేసు, ఇలా ఒక్కోదాని పేరూ, దాని ఎదురుగా అందుబాటులో ఉందో లేదో రాసి ఉంటుంది. దాన్ని గుమాస్తా గారు చూసుకుంటారని కౌంటరు వెనక గోడకున్న పెద్ద టీవీలో పెట్టాను. ఆయనకి ఇంగ్లీషుతో ఇబ్బందని తెలుగులో పెట్టాను. నా ఖర్మ.

పెట్టిన వారంలోనే బిల్లుల ప్రింటరు ఆగింది. టీవీ మీద, కొట్టంతటికీ కనిపించేలా, ‘బిల్లు ప్రింటరు: అందుబాటులో లేదు’ అని పెద్ద అక్షరాలు పడ్డాయి. పొద్దున్నే, బోణీ వేళ.

అమ్మగారు నన్ను పిలిపించారు.

"అమ్మాయ్, ఆ టీవీలో ఏం రాసిందో ఒకసారి చదివి పెట్టు."

"మీకు కనిపిస్తూనే ఉంది కదండీ."

"నా నోటితో అనను. నువ్వు తీసెయ్యి."

"తీసేస్తే ప్రింటరు ఆగిన సంగతి ఎలా తెలుస్తుందండీ?"

"ప్రింటరు ఆగితే కాగితం రాదు. దానికి టీవీలో టముకు వెయ్యాలా? వస్తోంది అని పెట్టు."

వాదించాను. అరిచాను కూడా. ఆవిడ కాఫీ తెప్పించారు. ఆ సాఫ్ట్‌వేర్లో మనకి కావలసిన కొత్త మాట చేర్చుకునే వీలుంది, సరే కానిమ్మని ‘అందుబాటులో లేదు’ తీసేసి ‘వస్తోంది’ చేర్చాను. అప్పుడు అదొక ప్రశ్న అడిగింది: ఈ కొత్త మాటని మంచి స్థితిగా లెక్కపెట్టాలా, చెడ్డ స్థితిగానా? నేను ఆ ప్రశ్నని అమ్మగారికి వినిపించాను.

"వస్తోందంటే మంచిదే కదమ్మా," అన్నారావిడ, కాఫీ గ్లాసు నా చేతికిస్తూ.

మంచిది అని నొక్కాను. ఆ తర్వాత జరిగినదానికంతటికీ నేనే కారణమని అందరూ అంటారు. తప్పు నాది కాదు, ఇప్పటికీ అదే అంటాను. నేను అడిగాను, ఆవిడ చెప్పారు, కాఫీ వేడిగా ఉంది.

ఆ రోజు నుంచి రెండు పేజీలకీ మాటల్లేవు. ఏది ఆగినా టీవీ వస్తోంది అంటుంది. వస్తోందంటే మంచిదే కాబట్టి నా ఫోనులో పచ్చ చుక్క అలాగే వెలుగుతూ ఉంటుంది. గుమాస్తా గారు ఫోను చేసేవారు.

"మేడం, సర్వరు వస్తోందండి."

"వచ్చేదేమిటండీ, ఉంది. నాకు పచ్చగా కనిపిస్తోంది."

"ఇక్కడ వస్తోందనే ఉందండి."

"మీ కళ్ళద్దాలు తుడుచుకోండి."

ఇలా చాలాసార్లు అయింది. చిన్నాచితకా తంటాలు కావడంతో కాసేపటికి వాటంతట అవే సర్దుకునేవి, నాకు నా పచ్చ చుక్క మీద నమ్మకం పెరిగేది. గుమాస్తా గారి మీద తగ్గేది.

ఈ గుమాస్తా గారి గురించి ఇంకో మాట చెప్పాలి. చీరలు ఈమధ్య ఫోనులో లైవ్ పెట్టి అమ్ముతున్నారు కదా. ఈ కొట్లో లైవ్ చేసేది ఆడపిల్లలు కాదు, ఈయనే. బట్టతల, తెల్ల మీసం, లాల్చీ. పైట తన భుజం మీదే వేసుకుని, అంచు వేళ్ళతో పట్టుకుని, అటు తిరిగి ఇటు తిరిగి చూపిస్తారు. ఒంగోలు నుంచి కూడా ఆయనకి అభిమానులున్నారు. ఆ వీడియోలన్నీ దాచుకుంటారు. ఎక్కడ దాచుకుంటున్నారో నేను అడగలేదు.

ఒకరోజు ప్రత్తిపాడు నుంచి దంపతులిద్దరు కొట్టు తలుపులు తీసే వేళకే వచ్చారట. మిరప రైతులు. మర్నాడు ఆయన షష్టిపూర్తి. పీటల మీద కట్టుకోవడానికి ఆవిడ ముందే ఒక చీర నేయించుకుంది, అది తీసుకెళ్ళడానికి వచ్చారు. చీర నేతగాడి దగ్గర్నుంచి వచ్చి నల్లపాడు గోడౌనులో ఉంది. అర నంబరు చూసి చెబితే అరగంటలో తెచ్చి ఇవ్వొచ్చు. గుమాస్తా గారు కంప్యూటర్లో వెతికారు, పలకలేదు. టీవీ వైపు చూశారు. ‘చీరల డేటాబేసు: వస్తోంది.’ కూర్చోండమ్మా, వస్తోంది అన్నారు.

ఆవిడ టీవీ వైపు చూసి, అక్షరాలు కూడబలుక్కుని చదువుకుంది. చీరలు, వస్తోంది. మధ్యలో ఉన్న మాట ఆవిడకి అక్కర్లేదు. బస్టాండులో బోర్డు ఎదురుగా కూర్చున్నట్టు కూర్చుంది.

నాకు మొదటి ఫోను వచ్చినప్పుడు నేను పక్క వీధిలో ఒక క్లినిక్కులో కంప్యూటర్ల పని మీద ఉన్నాను. పచ్చ చుక్క చూసుకుని, ఉందండి, మళ్ళీ చూడండి అని పెట్టేశాను. రెండో ఫోనుకి కేకలేశాను. మూడోసారి అమ్మగారే చేశారు.

"అమ్మాయ్, ఒకసారి వచ్చిపోవా? కస్టమరు ఇడ్లీ తినమన్నా లేవడం లేదు."

"ఇడ్లీకీ నాకూ ఏమిటండీ సంబంధం?"

"తను లేచినప్పుడు చీర వచ్చి వెళ్ళిపోతుందేమోనని భయమట."

స్కూటీ తీశాను. దారి పొడుగునా గుమాస్తా గారిని ఏమేం అనాలో వరసలో పెట్టుకున్నాను.

కొట్లోకి వెళ్ళేసరికి ఆవిడ సోఫా చివర నిటారుగా కూర్చుని టీవీనే చూస్తోంది. ఒడిలో గుడ్డసంచీ. పక్కన ఆయన, తెల్ల చొక్కా, కాళ్ళు బారజాపి.

"ఏందే ఇది, పొద్దున్నించి. ఇన్ని చీరలుండగా అదే కావాలా? ఆ ఎర్రది తీసుకో, ఎంత బాగుంది," అంటున్నాడు.

"నాకు నేను చెప్పి నేయించుకుందే కావాలండీ."

"చీరంటే చీర. రేపు పందిట్లో ఎవుడు చూడొచ్చాడు?"

ఆవిడ టీవీ మీంచి చూపు తిప్పింది. నన్ను చూసి, కంప్యూటరు మనిషిని అని తెలిసి, పక్కకి జరిగి చోటిచ్చింది. మెల్లిగా చెప్పింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ఏటా మిరపకాయలు యార్డులో అమ్ముడుపోగానే ఆయన సంతోషంగా ఒక చీర కొనుక్కొచ్చేవాడట. ఎప్పుడూ ఎరుపే. మంచివాడే, మరచిపోయిన ఏడాది కూడా లేదు. బీరువా తెరిస్తే కల్లంలో కాయలు ఆరబోసినట్టుంటుందమ్మా అంది. ఇన్నేళ్ళలో తనంతట తాను రంగు చెప్పి కొనుక్కున్న చీర ఇదొక్కటే.

"ఏం రంగండీ?" అన్నాను.

"పత్తిపువ్వు. విచ్చిన రోజు ఉంటుందే, ఆ లేత పసుపు. మర్నాటికి గులాబీ రంగు తిరుగుతుంది గదా, అది గాదు. వంకాయరంగు సన్నంచు."

చెబుతుంటే ఆవిడ మొహం చూశాను. ఇక నా కోపం గుమాస్తా గారి మీద పెట్టడానికి లేకుండా పోయింది, ఎక్కడో ఒకచోట పెట్టాలి కాబట్టి సర్వరు గదిలోకి వెళ్ళి దాని మీద పెట్టాను.

డేటాబేసు ఆగిపోయి ఉంది. పొద్దున్నించీ. డిస్కులో చోటు లేదు, అందుకని ఊపిరాడక ఆగింది. చోటంతా ఏమయిందా అని చూస్తే, గుమాస్తా గారి పైటలు. పట్టు పైటలు, నూలు పైటలు, అటు తిరిగినవి, ఇటు తిరిగినవి. చీరల వీడియోలు నిండిపోయి, చీరలెక్కడున్నాయో చెప్పేదానికి చోటు లేకుండా పోయింది.

"తీసేస్తున్నాను," అన్నాను.

"అయ్యో మేడం, ఆ దసరాది వద్దండీ. అందులో నేను బాగా వచ్చాను."

"మీరు అన్నిట్లోనూ బాగానే వచ్చారు. తప్పుకోండి."

దసరాది మాత్రం ఆయన ఫోనులోకి ఎక్కించి ఇచ్చాను. నేనూ మనిషినే. మిగతావి చెరిపేసి డేటాబేసుని లేపాను. అది లేవగానే పలకదు, ఆగిపోయినప్పటి లెక్కలన్నీ సరిచూసుకుని గానీ నోరు విప్పదు. ఎంతసేపు పడుతుందో నాకు తెలియదు. ఆ సంగతి తెలిసినట్టు మాట్లాడేవాళ్ళని నేను నమ్మను. ఇంతకీ టీవీలో అప్పటికీ వస్తోంది అనే ఉంది. పొద్దున్నించీ అబద్ధమాడిన మాట ఇప్పుడు నిజమైంది. నా ఫోనులో పచ్చ చుక్క పొద్దున్న ఎంత పచ్చగా ఉందో అంతే పచ్చగా ఉంది. ఆ ఫోనుని గోడకేసి కొట్టాలనిపించింది.

బయటికొచ్చాను. దంపతులు సాయంత్రం లోపు ఊరు చేరాలి, చుట్టాలు దిగుతున్నారు. సేల్స్ అమ్మాయి ఆవిడకి మజ్జిగ ఇస్తూ, వస్తోందమ్మా అంటోంది. ఆవిడ తల ఊపుతోంది. ఆ తల ఊపడం చూసి నాకు నోరు ఆగలేదు.

"లేదండీ," అన్నాను.

ఎవరో చీర దులుపుతున్నవాళ్ళు అలాగే చేతులు పైకెత్తి ఉండిపోయారు.

"రావడం లేదు. పొద్దున్నించీ రావడం లేదు. ఆ టీవీలో రాసింది చీర సంగతి కాదు, చీర ఎక్కడుందో చెప్పే యంత్రం సంగతి. అది ఆగిపోయింది. మీ చీర ఏ అరలో ఉందో ఇక్కడ ఎవరికీ తెలియదు."

"అమ్మాయ్!" అన్నారు అమ్మగారు గల్లా దగ్గర్నుంచి లేచి. "నా కొట్లో, బేరం వేళ..."

"మీరుండండమ్మా," అంది ప్రత్తిపాడు ఆవిడ. గట్టిగా అనలేదు, అమ్మగారు మాత్రం కూర్చుండిపోయారు. ఆవిడ నా వైపు తిరిగింది. "చీరయితే గోడౌన్లో ఉందిగా?"

"ఉందండి."

"ఈ ముక్క పొద్దున్నే చెబితే ఈపాటికి వెతుక్కునేదాన్ని గదమ్మా. వస్తోంది, వస్తోంది అని కూర్చోబెట్టారు." గుడ్డసంచీ భుజానికి తగిలించుకుంది. "పదండి, యాడుందో చూపించండి."

సిగ్గేసింది నాకు. అంత చదువూ, అంత అరుపూ ఉండి పొద్దున్నించీ ఫోను చూసుకుని కూర్చున్నాను. ఆటో పిలిచాం. అమ్మగారు ఏమనుకున్నారో, గల్లా తాళం వేసి తనూ ఎక్కారు. గుమాస్తా గారు డ్రైవరు పక్కన వేలాడారు.

నల్లపాడు గోడౌను పక్కనే ఇంకెవరిదో మిరపకాయల గోడౌను. మధ్యలో గోడ ఉంది గానీ ఘాటుకి ఆ సంగతి తెలియదు. తలుపు తియ్యగానే అమ్మగారు తుమ్మారు. ఏళ్ళ తర్వాత అటు రావడమట, ఆపకుండా తుమ్ముతూనే ఉన్నారు. గుమాస్తా గారి తుమ్ముకి కవర్లు దొర్లాయి. దంపతులిద్దరికీ మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు, ఆ గాలిలోనే పుట్టి పెరిగారు.

అరలు నేల నుంచి కప్పు దాకా ఉన్నాయి. కవరు తియ్యడం, లోపల చూడటం, మళ్ళీ పెట్టడం. ఒక్కొక్కరం ఒక్కో వరస తీసుకున్నాం. అమ్మగారు నిచ్చెన ఎక్కుతానంటే వద్దని కూర్చోబెట్టి కింది అరలు ఇచ్చాం. నా వరసలో పోచంపల్లి, ఉప్పాడ, పేరు తెలియనివి, మళ్ళీ పోచంపల్లి. తుమ్మొచ్చినప్పుడల్లా చీరకి తగలకుండా మొహం తిప్పుకోవాలి, మెడ పట్టేసింది. కాసేపటికి నాకు నడుం కూడా పట్టేసింది, నోటికొచ్చినట్టు సాఫ్ట్‌వేర్ని తిట్టాను. ఆవిడ ఒక్క మాట అనకుండా, కవర్లో వేళ్ళు పెట్టి కొసని బయటికి లాగి రంగు చూసి, మడత చెదరకుండా లోపలికి తోస్తోంది.

ఆయన పద్ధతి వేరు. చీరని మొత్తం బయటికి లాగి, వెలుతురుకి పట్టి చూస్తున్నాడు. ఎరుపు కనిపిస్తే చాలు కేకేస్తున్నాడు.

"ఇదిగో, ఇది జూడు! పండుమిరపకాయే! ఇదేనా?"

"కాదండీ."

"బాగుంది గదే."

"మీరు పక్క కవరు చూడండి."

ఎర్రవన్నీ ఆయన తన ఒడిలో దాచుకుంటున్నాడు, ఏదో ఒకటి ఒప్పించొచ్చని. మిగతావి వెనక్కి పడేస్తున్నాడు. సాయంత్రం అవుతుందనగా, మా అందరి వరసలూ అయిపోయాయి. ఎవరికీ కనపడలేదు. ఎవరమూ ఆవిడ మొహం వైపు చూడలేదు. అమ్మగారు ముక్కు తుడుచుకుంటూ వస్తోంది అనబోయి, మధ్యలో తుమ్మారు.

ఆవిడ ఒక్కత్తే కదిలింది. భర్త వెనక కుప్పగా పడి ఉన్నవాటి దగ్గరికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కోటీ పక్కకి తీసింది. అడుగున, సగం మడతలో, లేత పసుపు.

అంచు చూసింది. వంకాయరంగు. చెయ్యి దాని మీద పెట్టి అలాగే ఉండిపోయింది.

"అదా?" అన్నాడాయన. "అది ఇందాకే చూశాగా. వెలిసిపోయిందని పక్కన పడేశా."

"వెలవలేదండీ. దాని రంగే అది. పత్తిపువ్వు."

"ఏ రంగో చెబితే నేనూ ఎతికేవాణ్ణి గదా."

"మీరు ఎప్పుడన్నా అడిగారా?"

నిష్ఠూరంగా అనలేదు. మామూలుగా అడిగింది. అందుకేనేమో, అందరం ఎక్కడివాళ్ళం అక్కడ సర్దుకోవడం మొదలుపెట్టాం. ఆయన తన ఒడిలోని ఎర్రచీరల వైపు చూసుకుని, ఒక్కోదాన్నీ తిరిగి కవర్లో పెట్టసాగాడు. మడతలు ఆయనకి చేతకావడం లేదు.

"మరి బీరువాలో అన్నున్నాయి గదే," అన్నాడు తల ఎత్తకుండా. "అందులో ఏదన్నా ఇష్టమా నీకు?"

"ఆకుపచ్చది ఒకటుంది. అదంటే ఇష్టం."

"ఆకుపచ్చదా? అది నేనెప్పుడు తెచ్చా?"

"మీరు గాదు. మా అమ్మ పెట్టింది."

ఆయన చేతిలో ఉన్న చీర ఎంతసేపటికీ కవర్లోకి పోలేదు. ఆవిడే లేచి వెళ్ళి దాన్ని తీసుకుని, మడత పెట్టి, కవర్లో పెట్టి ఇచ్చింది.

సరిగ్గా అప్పుడు గుమాస్తా గారు కొట్టుకి ఫోను చేసి, డేటాబేసు పలుకుతోందట మేడం అన్నారు. ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా.

బయటికొచ్చి దంపతుల కోసం వేరే ఆటో ఆపాం. ఆయన ముందు ఎక్కి, లోపల్నుంచి చెయ్యి చాపాడు.

"ఆ సంచీ ఇటియ్యి, నేను పట్టుకుంటా."

"వద్దులెండి," అంది ఆవిడ. ఎక్కి కూర్చుని, సంచీ ఒడిలో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద వేసింది.